పియానో టీచర్‌ని మార్చాలా? ముందు ఒక నోటుపుస్తకం కొనండి

మా బ్యాంకులో క్యాష్ కౌంటర్‌లో కూర్చునే ఆవిడ మొన్న లంచ్ టైములో అడిగారు. "సార్, మా పాప రెండేళ్ళుగా పియానో క్లాసుకి వెళ్తోంది. ఇంకా మొదటి పుస్తకంలోనే ఉంది. టీచర్‌ని మార్చెయ్యమంటారా?"

"ఇంట్లో ఎంతసేపు వాయిస్తుందండీ?" అన్నాను.

ఆవిడ టిఫిన్ బాక్సు మూత పెడుతూ, "అదే... స్కూలు, ట్యూషను, హోమ్‌వర్కు..." అని ఆగిపోయారు.

ఎత్తిపొడవడానికి అడగలేదు. నేనూ సరిగ్గా అక్కడే జారాను కాబట్టి అడిగాను. నేను పియానో మొదలుపెట్టింది 41వ ఏట. మల్కాజిగిరిలో ఇల్లు, హాల్లో టీవీ పక్కన 88 మీటల డిజిటల్ పియానో, వారానికి ఒక క్లాసు. ఇప్పటికి ఐదేళ్ళయింది. ఈ ఐదేళ్ళలో టీచర్‌ని ఒకసారి మార్చాను. అంతకు ఏడాది ముందు మార్చబోయి ఆగాను. అప్పుడు ఆగడమూ మంచిదే అయింది, తర్వాత మార్చడమూ మంచిదే అయింది. మనిషి అదే, క్లాసు అదే, ఫీజు అదే. మధ్యలో మారిందల్లా నేను నేర్చుకునే పద్ధతి.

మొదటిసారి మార్చేద్దామనుకున్నప్పుడు ఇంట్లో చెబితే మా అమ్మ ఒప్పుకోలేదు. ఆవిడ చిన్నప్పుడు ఒకే మాస్టారి దగ్గర పదకొండేళ్ళు గాత్రం నేర్చుకుంది. "సంగీతం మాస్టారిని మార్చడమంటే కిరాణా కొట్టు మార్చినట్టు కాదురా" అంది. నాకు చిరాకేసింది. నెలకు 3,000 కడుతున్నాను, ఆరు వారాలుగా ఒకే పీసు (చిన్న సంగీత రచన) మీద కూర్చున్నాను, ఇంకా గురుభక్తి ఏమిటి అనుకున్నాను. అయినా ఎందుకో ఆ నెల ఫీజు కట్టేసి, కింద షాపులో 40 రూపాయలు పెట్టి ఒక రూళ్ళ నోటుపుస్తకం కొన్నాను.

నోటుపుస్తకంలో ఏం రాయాలి

రోజుకు ఒకే గీత. తారీఖు, ఎన్ని నిమిషాలు వాయించాను, ఏ బార్ల (మ్యూజిక్ షీటులో నిలువు గీతల మధ్య ఉండే చిన్న భాగాల) మీద పనిచేశాను, ఎక్కడ చెయ్యి తడబడింది. అంతే. "ఈ రోజు బాగా వచ్చింది", "మూడ్ లేదు" లాంటివి రాయకండి. అవి తర్వాత దేనికీ పనికిరావు.

వాయించని రోజున కూడా తారీఖు వేసి పక్కన సున్నా పెట్టండి. నా మొదటి రెండు వారాల్లో తొమ్మిది సున్నాలు వచ్చాయి. నన్నడిగితే అప్పటిదాకా "దాదాపు రోజూ వాయిస్తాను" అనే చెప్పేవాణ్ణి. అబద్ధమాడాలని కాదు, నిజంగానే అలా అనుకునేవాణ్ణి.

నేను ఇరుక్కుపోయిన పీసు పియానో నేర్చుకునేవాళ్ళందరికీ తెలిసిన జి మేజర్ మినుయెట్. అందరూ జర్మన్ స్వరకర్త బాఖ్ మినుయెట్ అంటారు కానీ, రాసింది క్రిస్టియన్ పెట్జోల్డ్ అనే ఆయన. బాఖ్ భార్య ఆనా మాగ్డలేనా 1725లో మొదలైన తన నోటుపుస్తకంలో దీన్ని ఎక్కించుకుంది. పక్కన పేరు రాయకపోవడంతో చాలాకాలం అది బాఖ్ ఖాతాలో జమ అయిపోయింది. బ్యాంకువాణ్ణి కదా, ఇలాంటి తప్పు జమలు చూస్తే నాకో సరదా.

మొత్తం 32 బార్లు. మొదటి సగం హాయిగా వెళ్తుంది. రెండో సగంలో 21వ బార్ దగ్గర కుడిచెయ్యి ఎ నుంచి ఎఫ్ షార్ప్ దాకా ఆరు స్వరాలు వరసగా ఎక్కాలి (ఎ, బి, సి ఇవి స్వరాల పేర్లు, షార్ప్ అంటే అర మెట్టు పైది). మనకున్నవి ఐదు వేళ్ళు. బొటనవేలితో ఎ, చూపుడువేలితో బి, మధ్యవేలితో సి షార్ప్ నొక్కి, ఆ మధ్యవేలు నల్ల మీట మీద ఉండగానే బొటనవేలు అరచేతి కిందనుంచి దూరి డి మీదికి రావాలి. నేను ఆ పని చెయ్యకుండా ఉంగరంవేలు, చిటికెనవేలు వరసగా వాడేసేవాణ్ణి. చివరి స్వరానికి వేలు మిగిలేది కాదు. చెయ్యి ఎగిరి పడేది. అక్కడ ఆగి, మళ్ళీ మొదటి బార్ నుంచి ఎత్తుకునేవాణ్ణి.

నోటుపుస్తకంలో మూడు వారాలకు సరిపడా గీతలు పోగయ్యాక చూస్తే, "21 దగ్గర ఆగింది" అన్నది పదకొండుసార్లు ఉంది. "21 ఒక్కటే పనిచేశాను" అన్నది ఒక్కసారీ లేదు. అంటే రోజూ ఇరవై బార్లు వచ్చినవే వాయించి, రానిదాన్ని ఒక్కసారి తన్నుకుని లేచి వెళ్తున్నానన్నమాట.

ఆ రోజు మ్యూజిక్ పుస్తకం తీసి ఆ పేజీ దీపం కింద పెట్టి చూశాను. 21వ బార్‌లో డి మీద పెన్సిల్‌తో చిన్న 1 అంకె ఉంది. బొటనవేలు అని గుర్తు. మా పియానో సార్ చేతిరాతే. ఎప్పుడో రెండో క్లాసులోనే రాసిపెట్టారు. ఇన్ని వారాలుగా ఆ అంకె నా కళ్ళ ముందే ఉంది.

ఇక మార్చే మాట ఎత్తలేదు. 20, 21, 22 బార్లు మాత్రమే తీసుకుని, లయ కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, కుడిచెయ్యి ఒక్కటే, తప్పు లేకుండా ఐదుసార్లు వచ్చాకే లేవాలని పెట్టుకున్నాను. ఎనిమిది రోజులకు వచ్చింది. సార్ విని, "ఇదే కదా సార్ అడిగింది" అన్నారు. హైదరాబాద్‌లో అంతే, ఆయన నాకు సార్, నేను ఆయనకు సార్.

పిల్లల కోసమైతే ఈ పుస్తకం తల్లిదండ్రులు రాయకుండా పిల్లలచేతే రాయించండి. వంకరటింకరగా ఉన్నా ఫర్వాలేదు. మీరు రాస్తే అది ఇంకో ప్రోగ్రెస్ రిపోర్టు అయిపోతుంది.

ఒక క్లాసు రికార్డు చెయ్యండి

టీచర్‌ని అడిగే చెయ్యండి. "ఇంట్లో మళ్ళీ వినడానికి" అంటే చాలామంది కాదనరు. ఫోన్ పియానో మీద బోర్లా పెట్టి ఆడియో తీస్తే చాలు.

ఇంటికొచ్చి గడియారం దగ్గర పెట్టుకుని లెక్కేయండి. నా 45 నిమిషాల క్లాసులో నేను వాయించింది 13 నిమిషాలు. సార్ చెప్పింది, వాయించి చూపించింది 12. ఆయన ఫోన్ రెండుసార్లు మోగింది, దానికి 4 పోయాయి. పేజీలు వెతకడం, కుర్చీ జరుపుకోవడం 7. మిగతా 9 నిమిషాలు నేను మాట్లాడాను. ఏం మాట్లాడానంటే, ఈ వారం ఆడిట్ ఉండింది సార్, మా అబ్బాయికి జ్వరం సార్, ఇంట్లో బాగానే వచ్చింది సార్ ఇక్కడే ఎందుకో... ఇవే. ఆ రికార్డింగ్ వింటుంటే చెవులు మూసుకోవాలనిపించింది.

ఫోన్ మోగిన 4 నిమిషాల గురించి టీచర్‌ని అడగొచ్చు, అడగాలి కూడా. కానీ నా 9 నిమిషాల సంగతి ముందు చూసుకోవాలి కదా. తర్వాతి వారం నుంచి లోపలికి వెళ్ళగానే ఒక్క వాక్యం చెప్పడం అలవాటు చేసుకున్నాను: "సార్, ఫలానా బార్లలో ఎడమచెయ్యి ఆలస్యంగా పడుతోంది, అక్కడినుంచి మొదలుపెడదామా?" ఆ ప్రశ్న ముందురోజు రాత్రే నోటుపుస్తకంలో రాసుకుని వెళ్ళేవాణ్ణి. క్లాసు రూపమే మారిపోయింది. ప్రశ్న పట్టుకెళ్తే టీచర్ కూడా నిటారుగా కూర్చుంటారు.

టీచర్ చెప్పనివి మీరే మొదలుపెట్టండి

టీచర్ వారానికి 45 నిమిషాలు మనతో ఉంటారు. మిగతా ఆరు రోజుల్లో ఎవరు చెబుతారు?

నేను మూడు పనులు పెట్టుకున్నాను. ఒకటి, రోజూ ఐదు నిమిషాలు సైట్ రీడింగ్, అంటే ఎన్నడూ చూడని చిన్న పీసును ఆగకుండా వాయించడం. నా స్థాయికి రెండు మెట్లు కిందవే తీసుకున్నాను. కాపీరైట్ తీరిపోయిన పాత స్వరకర్తల మ్యూజిక్ షీట్లు ఐఎంఎస్ఎల్‌పీ అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇక్కడ రూలు ఒక్కటే, తప్పు పడినా వెనక్కి వెళ్ళకూడదు. ఇది చాలా బాధగా ఉంటుంది. తప్పు ఎంట్రీ పడితే వెంటనే రివర్స్ చేసే ఉద్యోగం నాది.

రెండు, వాయించబోయే పీసును ముందు నలుగురైదుగురు వాయించినవి వినడం. అందరూ ఒకే వేగంలో వాయించరు. ఎవరు ఎక్కడ నెమ్మదించారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే, క్లాసులో అడగడానికి ప్రశ్నలు వాటంతటవే పుడతాయి.

మూడోది మా అమ్మ పుణ్యం. నా చెవి బొత్తిగా పనిచెయ్యదని సార్ అంటుంటే, అమ్మ వంటింట్లోంచి సరళీ వరసలు పాడేది, నేను హాల్లో మీటలు వెతుక్కునేవాణ్ణి. ఆ వరసలు పాడే రాగం మాయామాళవగౌళ పియానో మీద సి నుంచి మొదలుపెడితే సి, డి ఫ్లాట్ (ఫ్లాట్ అంటే అర మెట్టు కిందది), ఇ, ఎఫ్, జి, ఎ ఫ్లాట్, బి. రెండే నల్ల మీటలు. గమకాలు పియానోలో పలకవు, అమ్మకు అందులో ఎప్పుడూ అసంతృప్తే. "నీ వాయిద్యం రి దగ్గర కర్రలా నిలబడుతుందిరా" అనేది. కానీ విన్న స్వరాన్ని మీట మీద పట్టుకోవడం నాకు అలవాటైంది అలాగే. ఇంట్లో పాడేవాళ్ళుంటే వాడుకోండి, ఫీజు కూడా అడగరు.

అసలు లోపం టీచర్ వైపు ఉంటే ఎలా తెలుస్తుంది

మన వంతు మనం చేస్తున్నప్పుడు ఇంకా ఏది అందడం లేదో అది బయటపడుతుంది. నాకు బయటపడింది సైట్ రీడింగ్.

ఆ ఏడాది ఏబీఆర్ఎస్ఎం అనే లండన్ సంగీత పరీక్షల బోర్డు పెట్టే గ్రేడ్ 2 ప్రాక్టికల్ పరీక్షకు కట్టాను. మొత్తం 150 మార్కులు. మూడు పీసులకు 30 చొప్పున 90, స్కేల్స్‌కు (స్వరాలను వరసగా ఎక్కి దిగడానికి) 21, సైట్ రీడింగ్‌కు 21, వినికిడి పరీక్షకు 18. పాస్ అవ్వడానికి 100 కావాలి. లెక్క గమనించారా? మూడు పీసులూ అద్భుతంగా వాయించి 90కి 90 తెచ్చుకున్నా పాస్ కాదు. మా సార్ మాత్రం తొమ్మిది నెలల్లో ఆ మూడు పీసులు తప్ప వేరే కాగితం ముట్టుకోలేదు. స్కేల్స్ ఇంట్లో చూసుకోమన్నారు. ఇంట్లో నేను చేస్తున్న సైట్ రీడింగ్‌లో ఏం తప్పు చేస్తున్నానో చెప్పేవాళ్ళు లేరు.

అడిగాను. ఇక్కడ ఎలా అడగాలన్నది ముఖ్యం. "మీరు సైట్ రీడింగ్ చెప్పడం లేదు" అంటే అది ఫిర్యాదు. "సార్, ప్రతి క్లాసులో చివరి ఐదు నిమిషాలు సైట్ రీడింగ్‌కి ఇస్తారా? షీట్లు నేనే తెస్తాను" అంటే అది పని. టీచర్‌కి ఏం చెయ్యాలో, ఎంతసేపు చెయ్యాలో, మీరేం తెస్తారో అన్నీ అందులోనే ఉన్నాయి. "చూద్దాం సార్" అన్నారు. రెండు వారాల తర్వాత షీట్లు పట్టుకెళ్ళాను. "పీసులు అవనివ్వండి" అన్నారు. మూడోసారి అడిగితే, "పరీక్ష అయ్యాక" అన్నారు. మూడుసార్లూ తారీఖులతో నోటుపుస్తకంలో ఉన్నాయి.

పరీక్షలో సైట్ రీడింగ్ కాగితం ఇచ్చి, చూసుకోవడానికి అర నిమిషం ఇస్తారు. ఆ అర నిమిషంలో ఏం చూసుకోవాలో నాకు తెలియలేదు. కళ్ళు కాగితం మీద, బుర్ర ఎక్కడో. 21కి 9 వచ్చాయి. మొత్తం 105తో గట్టెక్కాను. పరీక్ష అయ్యాక మళ్ళీ అడిగితే, సార్ గ్రేడ్ 3 పుస్తకం తీసి మూడు పీసులు ఎంచారు.

మొదటిసారి అడిగిన రోజు నుంచి ఎనిమిది వారాలు గడువు అని నేను మనసులో అనుకున్నాను. నిజానికి అంతకంటే ఎక్కువే ఇచ్చాను. మీరు కూడా ఒక గడువు పెట్టుకోండి, కానీ గడువు మొదలయ్యేది మీకు కోపం వచ్చిన రోజు నుంచి కాదు, స్పష్టంగా నోరు తెరిచి అడిగిన రోజు నుంచి.

కొన్నిటికి మాత్రం ఏ గడువూ అక్కర్లేదు. మణికట్టు, ముంజేయి నొప్పి పుడుతోందని చెబితే "అలవాటవుతుంది, వాయించండి" అనే టీచర్ వద్దు. పిల్లల వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవాళ్ళు, పదిమందిలో ఎగతాళి చేసేవాళ్ళు, తల్లిదండ్రులు ఒక్కసారి కూడా లోపల కూర్చోకూడదనేవాళ్ళు, వీళ్ళ దగ్గర ఆ నెల ఫీజు పోతే పోయిందనుకుని మానిపించెయ్యండి. నోటుపుస్తకం, ఎనిమిది వారాలు ఇవేవీ వద్దు.

ఇక పక్కింటి పిల్లాడు గ్రేడ్ 5కి వెళ్ళాడని మార్చడం, కొత్త టీచర్ రీల్స్‌లో బాగా వాయిస్తున్నారని మార్చడం... వీటి గురించి నేను చెప్పేదేముంది.

డెమో క్లాసుకి వెళ్ళినప్పుడు

పాత టీచర్‌ని వదిలేముందే ఒకటి రెండు డెమో క్లాసులు చూసుకోండి. ఇందులో ద్రోహమేమీ లేదు. డబ్బులు అడిగితే కట్టండి, ఉచితమైతే మరీ మంచిది.

బాగా వచ్చిన పీసు కాకుండా, సగం వచ్చిన పీసు వాయించండి. బాగా వచ్చింది వాయిస్తే మెచ్చుకుని పంపుతారు, ఆయన ఎలా నేర్పుతారో మీకు తెలియదు. నేను మొదట చూసిన టీచర్ నా చెయ్యి పక్కకు నెట్టి, అదే పీసు తను జోరుగా వాయించి చూపించారు. బ్రహ్మాండంగా వాయించారు. కానీ ఇంటికొచ్చి రాసుకోవడానికి ఏమీ లేదు.

రెండోసారి తార్నాకలో ఒక మేడమ్ దగ్గరికి వెళ్ళాను. వాయించడం అయ్యాక ఆవిడ తప్పులు చెప్పలేదు. "ఇందులో మీకు ఎక్కడ బాగోలేదనిపించింది?" అని అడిగారు. నేను రెండు చోట్లు చెప్పాను. "మూడోది ఉంది, వినండి" అని నా ఎడమచెయ్యి ఒక్కటే వాయించమన్నారు. తర్వాత, "ఇంట్లో దేని మీద కూర్చుంటారు?" అన్నారు. డైనింగ్ కుర్చీ అన్నాను. స్టూలు రెండు అంగుళాలు ఎత్తి మళ్ళీ కూర్చోమన్నారు. మోచెయ్యి మీటల ఎత్తుకు వచ్చింది. ఇంట్లో అది కిందికి వేలాడుతుంటే మణికట్టు పైకి వంచి వాయించేవాణ్ణి. అంతవరకూ నా భుజాలు ఎందుకు నొప్పి పెడతాయో నాకు తెలియదు. పాత సార్ నా డైనింగ్ కుర్చీ ఎన్నడూ చూడలేదు, ఆ సంగతీ చెప్పాలి. కానీ ఆయన అడగనూ లేదు.

సైట్ రీడింగ్ గురించి అడిగితే, మేడమ్ ఒక షీటు ముందు పెట్టి అర నిమిషంలో ఏం చూడాలో వరసగా చెప్పారు: ఎన్ని షార్పులు, ఎన్ని ఫ్లాట్లు, తాళం ఏమిటి, రెండు చేతులూ ఏ స్వరం మీద మొదలవుతాయి, అన్నిటికంటే కష్టమైన బార్ ఏది. అదొక్కటీ లోపలే ఒకసారి వాయించుకుని, ఆ వేగంలోనే మొదలుపెట్టాలి. నాలుగు మాటలు. ఏడాది నుంచి నేను వెతుకుతున్నది ఇదే.

ఆన్‌లైన్ క్లాసు తీసుకునేవాళ్ళకి ఒక మాట. ఫోన్‌లో ముఖం కాకుండా చేతులు, మోచేతులు కనిపించేలా పక్కన పెట్టండి. అలా పెట్టమని టీచరే అడిగితే సగం పరీక్ష పాస్ అయినట్టే.

పాత టీచర్‌కి చెప్పడం

చెప్పకుండా మానెయ్యకండి. మనవాళ్ళు ఎక్కువమంది చేసేది అదే. ఊరెళ్తున్నామని, పరీక్షలని, ఆరోగ్యం బాగోలేదని చెప్పి, ఆ తర్వాత ఫోన్ ఎత్తరు. అదే కాలనీలో, అదే చర్చి వీధిలో ఆయన ఎదురుపడితే పక్కసందులోకి తిరగాలి.

నేను నెల చివరి క్లాసు అయ్యాక, బ్యాగు సర్దుకుంటూ చెప్పాను. ఫీజు ముందే ఇచ్చేశాను. "సార్, వచ్చే నెల నుంచి సైట్ రీడింగ్ మీద ఎక్కువ పనిచెయ్యాలనుకుంటున్నాను. దానికోసం తార్నాకలో ఒక మేడమ్ దగ్గర చేరుతున్నాను. మీ దగ్గర రెండున్నరేళ్ళు నేర్చుకున్నాను, ఆ చెయ్యి మీరు పెట్టిందే." ఇంతే అనుకుని వెళ్ళాను, ఇంతే చెప్పాను. వివరణ పెంచితే వాదన అవుతుంది.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు కూడా సైట్ రీడింగ్ రాదు సార్" అన్నారు. చర్చిలో చిన్నప్పటి నుంచి చెవితో విని వాయించడమే నేర్చుకున్నారట, షీటు చూసి నెమ్మదిగా కూడబలుక్కుంటారట. మూడుసార్లు వాయిదా వేసింది అందుకు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే అమ్మ ఏమీ అనలేదు. చాలాసేపటికి, వాళ్ళ మాస్టారు కూడా ఆవిడ నేర్చుకుంటున్న పదకొండో ఏట "వర్ణాల దాకానే నా దగ్గర ఉన్నదమ్మా" అని ఆవిణ్ణి వేరే ఊళ్ళో ఇంకొకరి దగ్గరికి పంపారని చెప్పింది. పెళ్ళి కుదరడంతో వెళ్ళలేదట.

సార్ దగ్గర అరువు తెచ్చుకున్న రెండు పుస్తకాలు మర్నాడు ఇచ్చి వచ్చాను. మినుయెట్ ఉన్న పేజీ మాత్రం జెరాక్స్ తీయించుకున్నాను. పెన్సిల్ అంకె జెరాక్స్‌లో సరిగ్గా పడలేదు, పెన్నుతో దిద్దుకున్నాను.